నది ఒడ్డున ఏనుగుల క్యాంపు: దుబారే వెళ్ళేముందు ఈ పది నిమిషాలు వినండి

ఈ ఎపిసోడ్ టూర్ వ్లాగ్ లాంటిదే కానీ పూర్తిగా టూర్ వ్లాగ్ కాదు. మీ ఫోన్‌లో ఈ రీల్ కనీసం ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. నదిలో ఒక ఏనుగు పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది, ఒకాయన కొబ్బరి పీచుతో దాని వీపు రుద్దుతుంటాడు, చుట్టూ పిల్లలు నీళ్ళు చల్లుతుంటారు, వెనకాల ఒక పాట. ముప్పై సెకన్లు. కింద కామెంట్లలో అందరూ అడిగేది ఒకటే: "బ్రో, లొకేషన్ ఎక్కడ?"

ఇలాంటి రీల్స్‌లో బాగా కనిపించే చోటు కర్ణాటకలోని కొడగు జిల్లాలో ఉన్న దుబారే. కావేరీ నది ఒడ్డున అటవీ శాఖ నడిపే ఏనుగుల క్యాంపు ఇది. నేను వెళ్ళి చూసొచ్చాను. ఎలా వెళ్ళాలో, ఎక్కడ ఉండాలో చెప్తాను. కానీ అంతకంటే ముందు ఆ ముప్పై సెకన్ల రీల్‌లో కనిపించని విషయం ఒకటి చెప్పాలి. అసలు ఆ ఏనుగులు అక్కడ ఎందుకున్నాయి? ఇది తెలిస్తే మీరు చూసే చూపే మారిపోతుంది. పైగా దీనికీ మన చిత్తూరు జిల్లాకీ నేరుగా సంబంధం ఉంది. అది కూడా చెప్తాను, చివరిదాకా వినండి.

మొదట రూటు చెప్పేస్తా. హైదరాబాద్ నుంచైనా, తిరుపతి వైపు నుంచైనా రైల్లో మైసూరు దాకా వెళ్ళొచ్చు. కొడగులో రైల్వే స్టేషన్ లేదు. మైసూరు నుంచి కుశాలనగర్‌కి బస్సులో సుమారు రెండు, రెండున్నర గంటలు. కుశాలనగర్ నుంచి దుబారే దాదాపు పదిహేను కిలోమీటర్లు, ఆటో దొరుకుతుంది. రోడ్డు నది దగ్గర ఆగిపోతుంది. క్యాంపు అవతలి ఒడ్డున ఉంటుంది కాబట్టి పడవ ఎక్కాలి. వర్షాకాలంలో కావేరి ఉధృతంగా ఉంటే పడవలు ఆపేస్తారు. అందుకే జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి. టికెట్ ధరలు, టైమింగ్స్ మారుతుంటాయి, వాటిని రీల్స్‌లో చూసి నమ్మొద్దు. ఏనుగుల స్నానం, మేత పెట్టడం ఉదయం పూటే ఉంటాయి. మధ్యాహ్నం తీరిగ్గా వెళ్తే అవి రెండూ చూడలేరు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. క్యాంపు అంటే ఏంటి? జూ కాదు. సర్కస్ అసలే కాదు. ఇవి ఒకప్పుడు పని ఏనుగుల స్థావరాలు. పాత రోజుల్లో అడవిలో నరికిన టేకు, రోజ్‌వుడ్ దుంగల్ని లాగడానికి లారీలు, క్రేన్లు లేవు. ఏనుగులే లాగేవి. ఆ ఏనుగులు ఎక్కడినుంచి వచ్చేవి? అడవి నుంచే. మైసూరు రాజ్యంలో ఖెడ్డా అనే పద్ధతి ఉండేది. వందల మంది డప్పులు కొడుతూ, మంటలు చూపిస్తూ ఏనుగుల మందని తరిమి, దుంగలతో కట్టిన పెద్ద దొడ్డిలోకి తోలి పట్టుకునేవాళ్ళు. 1870ల్లో శాండర్సన్ అనే ఇంగ్లీషు అధికారి ఈ పద్ధతిని అక్కడ పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు. కబిని నది దగ్గర కాకనకోట దీనికి పేరు మోసిన చోటు. ఆఖరి ఖెడ్డా 1971లో జరిగింది. ఆ మరుసటి ఏడాది, అంటే 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది.

సో, ఖెడ్డా ఆగింది. తర్వాత అడవిలో కలప నరకడం కూడా తగ్గిపోయింది. మరి ఏనుగులు? వాటికి రిటైర్మెంట్ ఇచ్చి అడవిలోకి పొమ్మంటే పోవు కదా. మనుషుల మధ్య బతికిన ఏనుగు ఆకలేస్తే ఊళ్ళోకే వస్తుంది. అందుకే క్యాంపులు అలాగే ఉండిపోయాయి. తర్వాత రోజుల్లో ఇంకో రకం ఏనుగులు కూడా ఇక్కడికి రావడం మొదలైంది. పొలాల మీద పడి పంట తినేవి, మనుషుల్ని చంపినవి. వాటిని పట్టుకుని ఇక్కడికి తెస్తారు. క్యాంపులోనే పుట్టిన పిల్లలు కొన్ని ఉంటాయి. మైసూరు దసరాలో నడిచే ఏనుగులు కూడా దుబారే లాంటి క్యాంపుల నుంచే వెళ్తాయి.

అంటే మీరు నది ఒడ్డున చూసే ఏనుగుల్లో ఒకటి పాత ఉద్యోగి, ఒకటి ఆ ఉద్యోగి సంతానం, ఇంకొకటి అరెస్టయి వచ్చింది. మూడూ పక్కపక్కనే స్నానం చేస్తుంటాయి. మనకి మాత్రం మూడూ ఒకేలా "సో క్యూట్" అనిపిస్తాయి.

అరెస్టయిన ఏనుగుని ఎలా మచ్చిక చేస్తారు? ఇది వినడానికి అంత బాగోదు, కానీ చెప్పాలి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, శిక్షణ పొందిన ఏనుగుల సాయంతో లారీ ఎక్కించి తెస్తారు. క్రాల్ అని లావాటి దుంగలతో కట్టిన బోను ఉంటుంది. దాంట్లో నెలల తరబడి ఉంచుతారు. మొదట్లో అది తలతో ఆ దుంగల్ని గుద్దుతుంది, మనిషి కనిపిస్తే మీదకొస్తుంది. ఒకే మావటి రోజూ వచ్చి మేత పెడతాడు, చెరుకు ఇస్తాడు, మాట్లాడతాడు. నెమ్మదిగా ఆ గొంతుకి అలవాటు పడుతుంది. తర్వాత ఒకరోజు చుట్టూ పెద్ద ఏనుగుల్ని కాపలా పెట్టి బయటికి తీస్తారు. కొందరు దీన్ని ప్రేమ అంటారు, కొందరు హింస అంటారు. నాకైతే రెండూ ఉన్నాయనిపించింది. దాని స్వేచ్ఛ పోయిందన్నది మాత్రం నిజం.

"మరి దూరంగా ఇంకో అడవిలో వదిలేయొచ్చు కదా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వదిలి చూశారు కూడా. కొన్ని ఏనుగులు ఎంత దూరమైనా నడిచి పాత చోటికే తిరిగి వచ్చేశాయి. కొన్ని కొత్త చోట కూడా పొలాల మీదే పడ్డాయి. ఎందుకంటే దానికి చెరుకు తోట రుచి తెలిసిపోయింది. అడవిలో రోజంతా తిరిగినా దొరకనంత తిండి పొలంలో ఒక్క రాత్రిలో దొరుకుతుంది. దీన్ని తప్పనడానికి అది మనిషి కాదు కదా.

ఇప్పుడు రోజువారీ సంగతి. మనం క్యాంపులో చూసేది రెండు మూడు గంటలు. మిగతా ఇరవై గంటలకి పైగా ఏనుగు ఏం చేస్తుంది? నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. సాయంత్రం అయ్యాక చాలా ఏనుగుల్ని అడవిలోకి మేతకి వదిలేస్తారు. కాలికి పొడవాటి గొలుసు ఉంటుంది. అది ఈడ్చుకుంటూ రాత్రంతా వెదురు, గడ్డి, కొమ్మలు తింటూ తిరుగుతుంది. తెల్లవారుజామున మావటి ఆ గొలుసు నేల మీద గీసిన గీతని పట్టుకుని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. టార్చి, కర్ర, అంతే. అదే అడవిలో అడవి ఏనుగులు కూడా ఉంటాయి. క్యాంపులోని ఆడ ఏనుగులకి పుట్టే పిల్లల్లో చాలావాటికి తండ్రులు ఆ అడవి ఏనుగులే.

ఇంత తిరగడం ఎందుకంటే, పెద్ద ఏనుగుకి రోజుకి 150 కిలోలకి పైగా మేత కావాలి. తిన్నదాంట్లో సగం కూడా సరిగ్గా అరగదు. అందుకే దాని జీవితంలో ఎక్కువ భాగం తినడానికే సరిపోతుంది. నిద్ర చాలా తక్కువ, మూడు నాలుగు గంటలు పడుకుంటే ఎక్కువ. క్యాంపులో ఉదయం పెట్టే రాగి ముద్ద, బెల్లం దానికి టిఫిన్ లాంటిదన్నమాట. ముద్ద అంటే మన రాయలసీమ సంగటే, కాకపోతే సైజు వేరు. మావటి చేత్తో నేరుగా నోట్లో పెడతాడు. వరిగడ్డిని మూటలా చుట్టి లోపల ధాన్యం, బెల్లం పెట్టి కూడా ఇస్తారు.

స్నానం కూడా షో కోసం పుట్టింది కాదు. ఏనుగుకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అంత పెద్ద శరీరంలో వేడి తగ్గాలంటే చెవులు విసరాలి, నీళ్ళలో దిగాలి, బురద పూసుకోవాలి. రుద్దేటప్పుడు మావటి ఇంకో పని కూడా చేస్తుంటాడు. కాలి గోళ్ళ మధ్య పగుళ్ళున్నాయా, గొలుసు దగ్గర చర్మం ఒరిసిందా, చెవి వెనక పురుగులు పట్టాయా, అన్నీ తడిమి చూస్తాడు. మనకది స్పా వీడియో. ఆయనకది రోజువారీ హెల్త్ చెకప్.

మావటి గురించి ఒక్క మాట. ఒక్కో ఏనుగుకి ఒక మావటి, ఆయనకి సహాయకుడిగా ఒక కావడి ఉంటారు. వీళ్ళలో చాలామంది జేను కురుబ లాంటి అడవి జాతుల వాళ్ళు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని ఇది. నేను వెళ్ళిన రోజు ఒక పెద్దాయన ఏనుగుకి మేత పెడుతుంటే, టూరిస్ట్ ఒకతను "అన్నా, తొండం ఎత్తించు, ఫోటో కావాలి" అని మూడుసార్లు అడిగాడు. పెద్దాయన అతని వైపు తిరగలేదు, ఏనుగు నోటి వైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత నేను వచ్చీరాని కన్నడలో మెల్లగా అడిగితే చెప్పారు, ఏనుగు తినేటప్పుడు పని చెప్పకూడదట. మనం అన్నం తినేవాళ్ళని లేపుతామా అని ఎదురు అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

ఇక చిత్తూరు సంగతి. మన దగ్గర ఏనుగులు చాలా కాలం లేవు. 1980ల్లో తమిళనాడు వైపు నుంచి కొన్ని గుంపులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చాయి. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. అప్పటినుంచి అక్కడి రైతుకి రాత్రి నిద్ర లేదు. వరి, చెరుకు, అరటి, టమాటా, ఏది వేసినా భయమే. కాపలాకి వెళ్ళిన మనుషులు చనిపోయారు. పొలం చుట్టూ పెట్టిన కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి. ఉత్తరాంధ్రలో పార్వతీపురం మన్యం వైపు ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులతో ఇదే బాధ.

అడవి ఏనుగుని ఊరి నుంచి వెనక్కి తరమాలంటే టపాసులు ఎన్నాళ్ళో పని చేయవు, అలవాటు పడిపోతుంది. అక్కడ కావాల్సింది కుంకీ. అంటే శిక్షణ పొందిన క్యాంపు ఏనుగు. అడవి ఏనుగుకి ఎదురు నిలబడి దారి మళ్ళించేది, పట్టుకోవాల్సి వస్తే పక్కన నిలబడి లారీ ఎక్కించేది ఇదే. మన దగ్గర ననియాల క్యాంపులో జయంత్, వినాయక్ అని రెండు కుంకీలు ఎప్పటినుంచో పని చేస్తున్నాయి. రెండే రెండు, ఎన్ని ఊళ్ళకని వెళ్తాయి? అందుకే 2024 సెప్టెంబర్‌లో కర్ణాటకతో ఆంధ్రప్రదేశ్ ఒప్పందం చేసుకుంది. 2025 మే 21న బెంగళూరులో 4 కుంకీ ఏనుగుల్ని మనకి అప్పగించారు. అవి దుబారే, శివమొగ్గ దగ్గరి సక్రెబైలు క్యాంపుల నుంచి వచ్చినవి. సక్రెబైలు కూడా నీటి ఒడ్డునే ఉంటుంది, తుంగ నది మీది గాజనూరు డ్యామ్ పక్కన. మన వాటికోసం పలమనేరు దగ్గర ముసలమడుగులో కొత్త క్యాంపు కట్టారు.

అర్థమైందా? మీరు రీల్‌లో చూసిన ఆ స్నానం చేసే ఏనుగు, రేపు పలమనేరులో ఒక రైతు పొలం గట్టు మీద, చీకట్లో, అడవి ఏనుగుకి ఎదురుగా నిలబడాల్సిన ఏనుగు.

ఆ నిలబడటం ఎంత ప్రమాదమో చెప్పడానికి అర్జున పేరు చాలు. మైసూరు దసరాలో 750 కిలోల బంగారు అంబారీని 2012 నుంచి 2019 దాకా ఎనిమిదిసార్లు మోసిన ఏనుగు అది. లక్షల మంది దండం పెట్టారు. 2023 డిసెంబర్ 4న హాసన్ జిల్లా సకలేశపుర ప్రాంతంలో ఒక అడవి ఏనుగుని పట్టుకునే ఆపరేషన్‌కి దాన్ని తీసుకెళ్ళారు. అక్కడ ఆ అడవి మగ ఏనుగుతో జరిగిన పోరులో అర్జున చనిపోయింది. అరవై ఏళ్ళు దాటిన ఏనుగు. అది ఒకప్పుడు కాకనకోట ఖెడ్డాలో పట్టుబడిందే. అడవి నుంచి తెచ్చాం, పని చేయించాం, పూజ చేశాం, ముసలితనంలో మళ్ళీ పోరాటానికి పంపాం. కర్ణాటక అంతా ఏడ్చింది, కోపగించుకుంది కూడా.

సో, వెళ్ళాలా వద్దా? ఇది నన్ను చాలామంది అడిగారు. నా అభిప్రాయం: వెళ్ళండి. ఈ ఏనుగులు ఎలాగూ అక్కడే ఉంటాయి, వాటికి మేత, వైద్యం, మావటి జీతం కావాలి. మనం కొనే టికెట్ల వెనక మన బాధ్యత కూడా ఉంది. కానీ కస్టమర్‌లా కాదు, ఒకరి ఇంటికి వెళ్ళిన చుట్టంలా వెళ్ళండి. కొన్ని పద్ధతులు చెప్తా.

ఒకటి, ఏనుగు ఎక్కి తిరుగుతామని అడగకండి. ఎక్కడైనా ఎక్కిస్తామన్నా ఎక్కకండి. వీపు మీద కుర్చీ కట్టి, గంటకి పది ట్రిప్పులు తిప్పే చోట ఏనుగు ఆరోగ్యం ఎవరూ పట్టించుకోరు.

రెండు, నీళ్ళలోకి రానిచ్చినా రానివ్వకపోయినా వాళ్ళు చెప్పిందే ఫైనల్. ఒడ్డు నుంచి చూసినా బాగానే ఉంటుంది. దగ్గు, జ్వరం ఉంటే అసలు దగ్గరికి వెళ్ళకండి. మనుషుల నుంచి క్షయ ఏనుగులకి అంటుకుంటుంది, ఇది చాలామందికి తెలీదు.

మూడు, ఏనుగు మూడ్ చదవడం నేర్చుకోండి. చెవులు నెమ్మదిగా విసురుతూ, తోక ఊపుతూ, తింటూ ఉంటే ప్రశాంతంగా ఉన్నట్టు. తినడం ఆపేసి, చెవులు వెడల్పుగా చాచి, కదలకుండా మిమ్మల్నే చూస్తుంటే వెనక్కి వచ్చేయండి, పరిగెత్తకుండా. మగ ఏనుగు కంటికీ చెవికీ మధ్య నుంచి జిడ్డుగా నీరు కారుతుంటే అది మదం. ఆ టైంలో దాని మావటి కూడా జాగ్రత్తగా ఉంటాడు.

నాలుగు, గొలుసుతో కట్టేసిన ఏనుగు అదే పనిగా అటూ ఇటూ ఊగుతుంటే "డాన్స్ చేస్తోంది" అని పాట పెట్టి రీల్ చేయకండి. అది డాన్స్ కాదు. ఎక్కువసేపు ఒకేచోట బందీగా ఉన్న జంతువులు ఒత్తిడిలో అలా చేస్తాయి. అలా ఊగే ఏనుగులు ఎక్కువగా కనిపిస్తే ఆ చోటు గురించి ఒకసారి ఆలోచించండి.

ఐదు, ఫ్లాష్ వద్దు, డ్రోన్ వద్దు, ఇంటి నుంచి తెచ్చిన చిప్స్, బిస్కెట్లు పెట్టొద్దు.

ఉండటానికి? దుబారేలో కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్ళ కాటేజీలున్నాయి, నది పక్కనే. భోజనం, సఫారీ, స్టే కలిపి ప్యాకేజీగా ఉంటుంది, కాబట్టి రేటు చూసి భయపడే ముందు దాంట్లో ఏమేం కలిశాయో చూడండి. అది బడ్జెట్ దాటితే కుశాలనగర్‌లో మామూలు లాడ్జిలు, హోంస్టేలు ఉన్నాయి. ఫారెస్ట్ లాడ్జ్ అంటే టీవీ, డీజే, స్విమ్మింగ్ పూల్ ఉండాలనుకునే బ్యాచ్ ఉంటారు. నేనొకచోట, పేరు చెప్పను, అడవి అంచున ఉన్న ప్రైవేటు రిసార్టులో రాత్రి పదకొండు దాకా స్పీకర్లు విన్నాను. ఆ చప్పుడు మనకే భరించలేనట్టుంటే, మనకి వినపడనంత మంద్రమైన శబ్దాలతో కిలోమీటర్ల దూరం మాట్లాడుకునే ఏనుగుల సంగతేంటి? అందుకే బుక్ చేసేముందు రివ్యూలలో "పార్టీ" అనే మాట ఎన్నిసార్లు ఉందో చూడండి. ఎక్కువుంటే అది అడవి లాడ్జ్ కాదు.

రాత్రి లాడ్జ్‌లో ఉంటే ఒక పని చేయండి. ఫోన్ లోపల పెట్టేసి పది నిమిషాలు వరండాలో కూర్చోండి. నది చప్పుడు, పురుగుల మోత. ఎక్కడో వెదురు విరిగిన శబ్దం వస్తే, అది అడవి ఏనుగు కావొచ్చు, గొలుసుతో తిరుగుతున్న క్యాంపు ఏనుగూ కావొచ్చు. చీకట్లో ఏది ఏదో మనకి తెలీదు. పుట్టుకతో రెండింటికీ తేడా ఏమీ లేదు. తేడా మనం పెట్టిందే.

చిత్తూరు, పార్వతీపురం వైపు నుంచి చూస్తున్నవాళ్ళు మీ ఊళ్ళో ఏనుగుల పరిస్థితి ఎలా ఉందో కామెంట్లలో రాయండి. కుంకీలు వచ్చాక ఏమైనా మారిందా, లేదా? మీరు రాసింది చదివి, కరెంటు తీగలు లేకుండా పొలం కాపాడుకునే పద్ధతుల మీద ఒక ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా, ఉంటాను మరి. నమస్తే.